హేగ్‌కు చేరిన దీవుల గొంతు: పసిఫిక్ విద్యార్థుల వాతావరణ న్యాయ పోరాట చరిత్ర

పెద్ద రాజ్యాలను చట్టం ముందు నిలదీయడం పసిఫిక్ దీవుల ప్రజలు వాతావరణ మార్పుల కాలంలో కొత్తగా నేర్చుకున్న విద్య కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, అంటే 1946లో, అమెరికా మార్షల్ దీవుల్లోని బికినీ అనే పగడపు దీవిలో అణ్వస్త్ర పరీక్షలు మొదలుపెట్టి, 1958 వరకు ఆ ప్రాంతంలో మొత్తం 67 పేలుళ్లు జరిపింది. పగడపు దిబ్బలు ఉంగరంలా చుట్టుకొని, మధ్యలో ఉప్పునీటి మడుగును మిగిల్చి, సముద్ర మట్టానికి రెండు మూడు మీటర్లకు మించి ఎత్తు లేని ఇటువంటి నేలను వలయద్వీపం అంటారు. అటువంటి నేల మీదనే 1954 మార్చి 1న అమెరికా తన పరీక్షలన్నింటిలోకీ పెద్దదైన క్యాసిల్ బ్రావో బాంబును పేల్చగా, దాని బూడిద గాలివాటున రొంగెలాప్ దీవి ప్రజల మీద కురిసింది. ఆ తరువాత ఫ్రాన్స్ 1966 నుంచి 1996 వరకు తన ఏలుబడిలోని మొరురోవా, ఫంగటౌఫా దీవుల్లో అదే పని చేసింది. ఎవరో దూరాన తీసుకున్న నిర్ణయానికి తమ నీరు, నేల, పిల్లల ఆరోగ్యం బలికావడం ఏమిటో ఆ ప్రాంత ప్రజలకు అనుభవంలోకి వచ్చింది అప్పుడే. ఆ అన్యాయానికి ఎదురు నిలిచే పద్ధతులు కూడా అక్కడి యువత నడుమ ఆ కాలంలోనే రూపు దిద్దుకున్నాయి.

1970లో ఫిజీ రాజధాని సువాలో మొరురోవా పరీక్షల వ్యతిరేక సంఘం ఏర్పడింది. దీన్ని స్థాపించినవారిలో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం, పసిఫిక్ థియోలాజికల్ కాలేజీ, యువతుల క్రైస్తవ సంఘమైన వైడబ్ల్యూసీఏ ఉన్నాయి. ఫిజీ వైడబ్ల్యూసీఏ నాయకురాలు అమేలియా రొకొతుయివునా వంటి స్థానిక ఫిజీయన్లు, తరువాత సామాజిక శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న విజయ్ నాయుడు వంటి భారత సంతతివారు ఆ ఉద్యమంలో భుజం భుజం కలిపి పనిచేశారు. 1975లో సువాలోనే అణ్వస్త్ర రహిత పసిఫిక్ కోసం తొలి మహాసభ జరిగింది. పదేళ్ల తరువాత, 1985 ఆగస్టులో, దక్షిణ పసిఫిక్‌ను అణ్వస్త్ర రహిత ప్రాంతంగా ప్రకటించే రారొటోంగా ఒప్పందం మీద ఆ ప్రాంత ప్రభుత్వాలు సంతకాలు చేశాయి. విద్యార్థులు, చర్చి పెద్దలు, మహిళా సంఘాలు ముందుగా నడిస్తే ప్రభుత్వాలు వెనక నడిచి వచ్చే క్రమం ఒకటి ఇక్కడ కనిపిస్తుంది. సగం శతాబ్దం తరువాతి కథకు ఇదే మూలం.

ఆ కథలో విశ్వవిద్యాలయం పాత్రను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1968లో, న్యూజిలాండ్ వైమానిక దళం ఖాళీ చేసి వెళ్లిన సువాలోని లౌతాలా బే సీప్లేన్ స్థావరంలో ప్రారంభమైన దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం ఏ ఒక్క దేశానికీ చెందినది కాదు. ఫిజీ, సమోవా, టోంగా, కిరిబాటి, టువాలు, సోలమన్ దీవులు, వనువాటు, మార్షల్ దీవులు, నౌరు, కుక్ దీవులు, నియువే, టోకెలావ్ అనే పన్నెండు దేశాలు, ప్రాంతాలు దానికి ఉమ్మడి యజమానులు. ఒక్కో దీవికి ఒక్కో విశ్వవిద్యాలయాన్ని పోషించే స్తోమత లేకపోవడం వల్ల పుట్టిన ఈ ఏర్పాటు, వేల కిలోమీటర్ల నీటితో వేరుపడిన యువతను ఒకే హాస్టల్‌లో, ఒకే తరగతి గదిలో కూర్చోబెట్టింది. ఇక్కడే పనిచేసిన టోంగా మూలాల రచయిత ఎపెలి హౌఓఫా 1993లో వెలువరించిన ప్రసిద్ధ వ్యాసంలో, పసిఫిక్ దేశాలను విశాల సముద్రంలో విసిరేసిన చిన్న చుక్కలుగా చూడటం వలస పాలకుల చూపు అనీ, ఆ సముద్రమే దారిగా, ఇల్లుగా బతికిన పూర్వీకుల దృష్టిలో అది దీవులతో నిండిన ఒకే పెద్ద లోకం అనీ వాదించాడు. ఆ విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర విభాగం వనువాటు రాజధాని పోర్ట్ విలాలోని ఎమాలస్ క్యాంపస్‌లో ఉంది.

అణు పరీక్షల పోరాటం చివరికి నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానం వరకు వెళ్లింది. ఈ న్యాయస్థానం రెండు రకాల పనులు చేస్తుంది. రెండు రాజ్యాల మధ్య వివాదాన్ని విచారించి, ఆ రాజ్యాలు తప్పక పాటించవలసిన తీర్పు ఇవ్వడం మొదటిది. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ వంటి సంస్థ అడిగిన న్యాయ ప్రశ్నకు జవాబు చెప్పడం రెండవది. ఈ రెండవదాన్ని సలహాపూర్వక అభిప్రాయం అంటారు. దాన్ని పాటించి తీరాలని ఎవరినీ నిర్బంధించలేకపోయినా, చట్టం ఏమి చెబుతోందో అత్యున్నత పీఠం చెప్పిన మాట గనుక దేశదేశాల కోర్టుల్లోనూ, ఒప్పంద చర్చల్లోనూ దానికి గొప్ప విలువ ఉంటుంది. అణ్వస్త్రాల చట్టబద్ధత మీద ఇటువంటి అభిప్రాయాన్ని కోరాలనే ప్రచారం న్యూజిలాండ్‌లో మొదలై, ప్రపంచమంతటా సామాన్యుల సంతకాలతో బలపడి, 1994లో సర్వప్రతినిధి సభ చేత ఆ ప్రశ్న అడిగించింది. 1995 నవంబరులో జరిగిన విచారణలో రొంగెలాప్ మహిళ లిజోన్ ఎక్నిలాంగ్ న్యాయమూర్తుల ఎదుట నిలబడి, బ్రావో పేలిన నాటికి తాను ఎనిమిదేళ్ల పిల్లననీ, తరువాత తనకు వరుసగా గర్భస్రావాలయ్యాయనీ, తన దీవి తల్లులకు మానవ రూపమే లేని శిశువులు పుట్టారనీ వివరించింది. శాసనాల భాష తప్ప మరొకటి వినిపించని ఆ గదిలో బాధితురాలి నోట బాధ వినిపించడం అరుదైన సంఘటన.

1996 జులై 8న వెలువడిన అభిప్రాయం ఉద్యమకారులకు పూర్తి సంతృప్తినివ్వలేదు. అణ్వస్త్ర ప్రయోగం సాధారణంగా చట్టవిరుద్ధమేనన్న న్యాయస్థానం, ఒక రాజ్యం ఉనికికే ముప్పు వచ్చిన ఆత్మరక్షణ సందర్భంలో ఏమిటన్నది తేల్చలేదు. అయితే ఆ అభిప్రాయంలో అప్పట్లో పెద్దగా వార్తలకెక్కని ఒక వాక్యం ఉంది: తన పరిధిలో జరిగే పనుల వల్ల ఇతర దేశాల పర్యావరణానికి హాని కలగకుండా చూసే బాధ్యత ప్రతి రాజ్యానికీ ఉందనీ, అది అంతర్జాతీయ చట్టంలో భాగమనీ న్యాయస్థానం అందులో తేల్చిచెప్పింది. బాంబుల సందర్భంలో పలికిన ఆ మాట, దాదాపు ముప్పై ఏళ్లకు బొగ్గు పొగ సందర్భంలో దీవుల చేతికి ఆయుధమైంది. అణు పరీక్షల బాధితుల శ్రమ వాతావరణ మార్పుల బాధితులకు దారి వేసిన తీరు ఇంతకంటే స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఈలోగా ముప్పు రూపం మార్చుకుంది. బొగ్గు, చమురు, సహజవాయువులను మండించడం వల్ల పోగుపడే వాయువులు భూమిని వేడెక్కించి, సముద్రాన్ని ఉబ్బించి, తుపానుల తీవ్రతను పెంచుతాయని శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్న రోజుల్లో, 1990లో, చిన్న దీవి దేశాల కూటమి ఏర్పడింది. ఐక్యరాజ్యసమితిలో వనువాటు రాయబారి రాబర్ట్ వాన్ లీరోప్ దానికి తొలి అధ్యక్షుడు. మరుసటి ఏడాదే ఆ కూటమి పక్షాన వనువాటు, సముద్ర మట్టం పెరుగుదల వల్ల నష్టపోయే దేశాలకు పరిహారం చెల్లించేందుకు పారిశ్రామిక దేశాల విరాళాలతో ఒక అంతర్జాతీయ బీమా నిధిని ఏర్పాటు చేయాలని ప్రతిపాదించింది. ప్రపంచ ఉద్గారాలలో నూటికి ఒక వంతైనా లేని దేశాలు అందరికంటే ముందుగా, అందరికంటే ఎక్కువగా నష్టపోవడం ప్రకృతి వైపరీత్యం మాత్రమే కాదనీ, ఎవరు పొగ వదిలారు, ఎవరు మునుగుతున్నారు అన్న ధర్మాధర్మ విచారణ అందులో ఉందనీ చెప్పే ఈ ఆలోచననే తరువాత వాతావరణ న్యాయం అని పిలిచారు. వనువాటు అడిగిన నిధికి సూత్రప్రాయంగా అంగీకారం లభించడానికి 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన వాతావరణ సదస్సు వరకు, అంటే ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

న్యాయస్థానం తలుపు తట్టాలన్న ఆలోచన కూడా మధ్యలో రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్లింది. 2002లో టువాలు ప్రధాని కొలోవా తలాకె అమెరికా, ఆస్ట్రేలియాల మీద దావా వేస్తామన్నాడు; ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన పదవి పోవడంతో అది ఆగిపోయింది. 2011లో పలావు అధ్యక్షుడు జాన్సన్ టోరిబియోంగ్ సలహాపూర్వక అభిప్రాయం కోరుదామని సర్వప్రతినిధి సభలో పిలుపునిచ్చినా, తగినంత మద్దతు కూడక అదీ మూలన పడింది. ఒక నాయకుడి సంకల్పం మీద, కొందరు న్యాయవాదుల సలహా మీద మాత్రమే నిలిచిన ఆ ప్రయత్నాలకు వీధుల్లోనూ, చర్చిల్లోనూ, తరగతి గదుల్లోనూ నిలబడి మాట్లాడే మనుషుల అండ లేదు. నాయకుడు మారినా ఆగని కదలికను నిర్మించడమే తరువాతి తరం చేసిన అసలు పని.

ఆ తరం తొలిసారిగా ప్రపంచం కంట పడింది 2014 అక్టోబరు 17న. పసిఫిక్‌లోని పన్నెండు దేశాల నుంచి వచ్చిన ముప్పై మంది యువ కార్యకర్తలు, ప్రపంచంలోనే అతి పెద్ద బొగ్గు రేవుల్లో ఒకటైన ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో, తమ దీవుల సంప్రదాయ పద్ధతిలో మలిచిన దోనెలను నీటిలోకి దించి, స్థానిక ఆస్ట్రేలియన్లు వందలాదిగా చిన్న పడవల్లో తోడు రాగా, బొగ్గు ఓడల దారికి అడ్డం నిలిచారు. కొబ్బరి ఆకులు, గవ్వలు, చాపలతో అలంకరించుకున్న ఆ యువత ప్రకటన సారాంశం తాము మునిగిపోతున్నవారం కాదు, పోరాడుతున్నవారం అని. వార్తల్లో అంతవరకు జాలికి పాత్రులుగా మాత్రమే కనిపించిన దీవుల ప్రజలు తమను తాము వర్ణించుకునే తీరు అక్కడ మారింది.

2015 మార్చి 13న వనువాటును తాకిన పామ్ తుపాను, ఆ దేశ వార్షికోత్పత్తిలో సగానికి పైగా విలువైన ఆస్తిని ఒక్క రాత్రిలో ధ్వంసం చేసింది. నాలుగేళ్ల తరువాత, 2019 మార్చిలో, ఆ దేశ రాజధాని పోర్ట్ విలాలో ఎమాలస్ క్యాంపస్ న్యాయ విద్యార్థులు అంతర్జాతీయ పర్యావరణ చట్టం పాఠంలో భాగంగా ఒక ప్రశ్న తీసుకున్నారు: వాతావరణ న్యాయం కోసం దీవులకు ఉన్న చట్టపరమైన దారులలో అన్నింటికంటే సాహసోపేతమైనది ఏది? తర్జనభర్జన తరువాత ఎనిమిది దేశాలకు చెందిన ఇరవై ఏడుగురు విద్యార్థులు అంతర్జాతీయ న్యాయస్థానాన్ని సలహాపూర్వక అభిప్రాయం కోరడమేనని తేల్చి, పాఠాన్ని పాఠంగా వదిలేయకుండా, వాతావరణ మార్పులపై పోరాడే పసిఫిక్ దీవుల విద్యార్థులు అనే పేరుతో సంఘం పెట్టుకున్నారు. వారిలో సోలమన్ దీవులకు చెందిన సింథియా హౌనియుహి, సాలమన్ యో తరువాత ఉద్యమానికి ముందు వరుస నాయకులయ్యారు. వారి దగ్గర డబ్బు లేదు, కార్యాలయం లేదు, పరీక్షలు మాత్రం దగ్గరపడుతున్నాయి. ఉన్న ఆస్తల్లా కలిసి కూర్చొని రాయగలగడమే.

వారు తమ ప్రాంత ప్రభుత్వాలకు లేఖలు రాశారు. ఆ లేఖలకు చేయూతనిచ్చే జవాబు వనువాటు నుంచి వచ్చింది. అప్పటి విదేశాంగ మంత్రి రాల్ఫ్ రెగెన్‌వాను రాజకీయాల్లోకి రాకముందు వనువాటు సాంస్కృతిక కేంద్రానికి సంచాలకుడిగా పనిచేసిన మానవశాస్త్రవేత్త; 1980 వరకు బ్రిటన్, ఫ్రాన్స్‌ల ఉమ్మడి పాలనలో న్యూ హెబ్రిడీస్ పేరుతో ఉన్న ఆ దేశపు భూమినీ, ఆచారాలనూ కాపాడే పనిలో వయసు గడిపినవాడు. విద్యార్థుల ప్రతిపాదనలో ఆయనకు పిల్లల ఆవేశం కాక పనికివచ్చే దౌత్య మార్గం కనిపించింది. 2019 ఆగస్టులో టువాలు రాజధాని ఫునాఫుటీలో జరిగిన పసిఫిక్ దీవుల వేదిక సమావేశం ఆ ప్రతిపాదనను తన అధికారిక ప్రకటనలో ప్రస్తావించింది. 2021 సెప్టెంబరులో వనువాటు ప్రభుత్వం తాను ఈ పనిని ముందుకు నడుపుతానని బహిరంగంగా ప్రకటించింది.

ఈ రెండేళ్ల మధ్యకాలమే స్వచ్ఛంద కార్యకర్తల చరిత్రలో అతి కఠినమైనదీ, అతి ఫలవంతమైనదీ. కోవిడ్ కారణంగా దీవుల సరిహద్దులు మూతపడి, 2020 ఏప్రిల్‌లో హెరాల్డ్ తుపాను వనువాటును మళ్లీ దెబ్బ తీయగా, తరగతిలో ఒకరి పక్కన ఒకరు కూర్చొన్న విద్యార్థులు ఎవరి దీవికి వారు పరిమితమయ్యారు. అయినా వారు ఇంటర్నెట్ ద్వారా కలుస్తూ, ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, యూరప్‌లలోని యువతతో చేతులు కలిపారు. ఆ కలయిక నుంచి వాతావరణ న్యాయం కోసం ప్రపంచ యువత అనే మరో సంఘం పుట్టింది. పసిఫిక్‌లో తెల్లవారే వేళకు యూరప్‌లో సాయంత్రమవుతుంది గనుక ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు నిద్ర మానుకోవలసిందే. వాతావరణ మార్పుల గురించి చదివే యువతను కుంగదీసే నిరాశకు ఈ ఉద్యమం చూపిన మందు ప్రసంగాల్లో ఉండేది కాదు; ఈ వారం ఏ దేశ రాయబారికి ఉత్తరం వెళ్లాలి, ఏ చర్చి మహాసభలో మాట్లాడాలి, ఏ ప్రశ్నను ఏ పదాలతో అడగాలి అన్న చిన్న చిన్న పనుల పంపకంలో ఉండేది. ఆశ అనేది ముందు కలిగి తరువాత పనికి పురికొల్పేది అని సాధారణంగా భావిస్తారు. ఈ యువత విషయంలో పని ముందు మొదలై, ఆ పనిలో కుదిరిన తోడు నుంచి ఆశ పుట్టిందని చెప్పడమే చరిత్రకు న్యాయం చేసినట్టవుతుంది.

ఈ లోకం తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు. 1879 నుంచి 1916 వరకు అరవై వేలమందికి పైగా భారతీయులను చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా ఫిజీకి తరలించారు; ఆ ఒప్పందాన్నే వారు గిర్మిట్ అన్నారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు బయలుదేరడంతో తెలుగు, తమిళ, మలయాళ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. 1926లో ఏర్పడిన దక్షిణ భారతీయుల సంఘం పాఠశాలలు నెలకొల్పి దక్షిణాది భాషలను నేర్పింది. 1941లో ఆంధ్రులు తమకంటూ వేరే సంఘం పెట్టుకున్నారు. ఆ కూలీల మునిమనవలు స్థానిక ఫిజీయన్ల పిల్లలతో కలిసి నేడు సువా క్యాంపస్‌లో చదువుకుంటున్నారు. తుపాను వచ్చినప్పుడు చెరకు చేను, తీరం కోసుకుపోయినప్పుడు ఊరు ఇద్దరికీ ఉమ్మడి నష్టాలే. ఫిజీలోని వనువా లెవు దీవిలో ఉన్న వునిడొగొలోవా గ్రామం సముద్రం తోసుకురావడంతో 2014లో కొండవైపు రెండు కిలోమీటర్ల లోపలికి తరలిపోవలసి వచ్చింది. ఆ దేశంలో వాతావరణ మార్పుల కారణంగా ప్రభుత్వ సాయంతో తరలిన తొలి ఊరు అదే.

2023 మార్చి మొదటి వారంలో జూడీ, కెవిన్ అనే రెండు తుపానులు రోజుల వ్యవధిలోనే వనువాటును తాకాయి. ఆ నెల 29న న్యూయార్క్‌లో సర్వప్రతినిధి సభ, 132 దేశాల సహ ప్రతిపాదనతో, ఓటింగ్ అవసరం లేకుండా ఏకాభిప్రాయంతో తీర్మానాన్ని ఆమోదించింది. అందులో రెండు ప్రశ్నలున్నాయి. ప్రస్తుత, భవిష్యత్ తరాల కోసం వాతావరణ వ్యవస్థను కాపాడేందుకు రాజ్యాలకు అంతర్జాతీయ చట్టం ప్రకారం ఏ బాధ్యతలున్నాయన్నది మొదటిది. చేసిన పనుల వల్ల, చేయని పనుల వల్ల గణనీయమైన హాని కలిగించిన రాజ్యాలకు చట్టపరంగా ఏ పర్యవసానాలుంటాయన్నది రెండవది. భవిష్యత్ తరాల మాట, మానవ హక్కుల మాట ప్రశ్నలో ఉండి తీరాలని విద్యార్థులు మొదటి నుంచీ పట్టుబట్టారు. ఆ పట్టుదల ఫలించింది.

హేగ్‌లోని శాంతి సౌధంలో 2024 డిసెంబరు 2 నుంచి 13 వరకు జరిగిన విచారణలో 96 దేశాలు, 11 అంతర్జాతీయ సంస్థలు మాట్లాడాయి. ఆ న్యాయస్థానం చరిత్రలోనే అంత పెద్ద విచారణ మరొకటి లేదు. తొలిరోజు తొలి వాదన వనువాటుది, దానితో కలిసి వచ్చిన మెలనీసియన్ దేశాల కూటమిది. ఆ బృందంలో తన తెగ సంప్రదాయ శిరోభూషణం ధరించి నిలబడిన హౌనియుహి, ఐదేళ్ల క్రితం తరగతిలో పుట్టిన ప్రశ్నను పదిహేనుమంది న్యాయమూర్తుల ముందు తానే వినిపించింది. భూమి పోతే తమవారికి పోయేది ఆస్తి మాత్రమే కాదనీ, పూర్వీకులతోనూ రాబోయే తరాలతోనూ ఉన్న బంధమనీ ఆమె వాదన. పెద్ద ఉద్గార దేశాలు చాలావరకు 1992 నాటి వాతావరణ ఒప్పందం, 2015 నాటి పారిస్ ఒప్పందం ఉండగా ఇతర చట్టాల జోలికి పోనక్కరలేదని వాదించాయి. భారతదేశం చారిత్రక బాధ్యత సంపన్న దేశాలదేనని గట్టిగా చెబుతూనే, ఉన్న ఒప్పందాలకు మించిన కొత్త బాధ్యతలను న్యాయస్థానం సృష్టించరాదని కోరింది. ఈ వాదన తేలికగా కొట్టివేయదగింది కాదు. చరిత్రలో తక్కువ కాల్చి నేడు ఎక్కువ కాల్చవలసి వస్తున్న దేశపు ఇబ్బంది అందులో ఉంది. అయితే దీవుల ఇబ్బంది దానికంటే తక్షణమైనది. విచారణ ముగిసిన నాలుగు రోజులకే, డిసెంబరు 17న, పోర్ట్ విలాలో పెను భూకంపం వచ్చింది. దానికి వాతావరణంతో సంబంధం లేకపోయినా, ఎంత పలుచని ఆసరా మీద నిలబడి ఆ చిన్న దేశం ఈ పోరాటం సాగించిందో అది గుర్తుచేస్తుంది.

2025 జులై 23న అధ్యక్ష న్యాయమూర్తి ఇవసావా యూజీ చదివి వినిపించిన అభిప్రాయం ఏకగ్రీవమైనది. ఒప్పందాలతో పాటు ఆచార న్యాయం, అంటే రాజ్యాలు దీర్ఘకాలంగా బాధ్యతగా భావించి పాటించడం వల్ల రాతలో లేకపోయినా చట్టమైన నియమాలు కూడా వర్తిస్తాయని న్యాయస్థానం చెప్పింది. 1996లో బాంబుల విషయంలో గుర్తించిన హాని నివారణ బాధ్యతను వాతావరణ వ్యవస్థకూ వర్తింపజేసింది. ఉష్ణోగ్రత పెరుగుదలను 1.5 డిగ్రీలకు పరిమితం చేయడమే దేశాలు అంగీకరించిన ప్రధాన లక్ష్యమనీ, ఉద్గారాల తగ్గింపు ప్రణాళికలు ఎవరి ఇష్టం వారివి కావనీ, చేతనైనంత గరిష్ఠ ప్రయత్నాన్ని అవి చూపాలనీ వివరించింది. శిలాజ ఇంధనాల ఉత్పత్తికి అనుమతులు, రాయితీలు ఇవ్వడం సైతం తప్పిదం కాగలదనీ, హానికీ తప్పిదానికీ తగిన సంబంధం రుజువైతే పూర్తి పరిహారం చెల్లించవలసి రావచ్చనీ తేల్చింది. ఆ ఏడాదే ఈ విద్యార్థి సంఘానికీ, వనువాటు పక్షాన న్యాయవాద బృందాన్ని నడిపిన గువామ్ న్యాయవాది జూలియన్ అగువాన్‌కూ కలిపి రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది.

అభిప్రాయం వెలువడటానికి ఐదు రోజుల ముందే టువాలులో మరో ప్రక్రియ ముగిసింది. ఆస్ట్రేలియాతో కుదిరిన ఫలెపిలి ఒప్పందం ప్రకారం ఏటా 280 మంది టువాలు పౌరులకు అక్కడ స్థిరనివాసం కల్పించే లాటరీకి, పదకొండు వేల లోపు జనాభా ఉన్న ఆ దేశంలో ఐదింట నాలుగు వంతులకు మించిన ప్రజలు పేర్లు నమోదు చేసుకున్నారు. నేల మునిగిపోయిన రాజ్యం రాజ్యంగా మిగులుతుందా, దాని సముద్ర జలాల మీద హక్కు ఎవరిది అన్నవి ఆ కుటుంబాలకు పుస్తక ప్రశ్నలు కావు. ఒకసారి ఏర్పడిన రాజ్యానికి దాని మూలాంశాలలో ఏదో ఒకటి లేకుండా పోయినంత మాత్రాన రాజ్యత్వం పోనక్కరలేదనీ, తీరరేఖ వెనక్కి జరిగినా ఇదివరకు నిర్ణయించుకున్న సముద్ర సరిహద్దులను మార్చుకోవలసిన పని లేదనీ న్యాయస్థానం ఇచ్చిన జవాబు, ఆ దీవుల వారికి పరిహారం మాటకంటే ముఖ్యమైంది. వెళ్లేవారు శరణార్థులుగా కాక తమ దేశ పౌరులుగానే వెళ్లడానికీ, ఉండేవారు తమ చేపల వేట నీటిని ఎవరికీ వదులుకోకుండా ఉండడానికీ ఆధారం అందులో ఉంది. ఇక ఆ మాటలను తమ ప్రభుత్వాల చేత, పొరుగు ప్రభుత్వాల చేత అమలు చేయించే పనిని ఎమాలస్ విద్యార్థుల సంఘం చేపట్టింది.